పోర్షా బాక్‌స్టర్ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా?

వ్యాఖ్యాత: నమస్కారం. మన శ్రోత ఒకరు అమ్మకానికి ఉన్న కారు వివరాలు పంపి సలహా అడిగారు. 2013 మోడల్ పోర్షా బాక్‌స్టర్, ఎర్ర రంగు, నల్ల టాప్, ఒకే యజమాని, తిరిగింది 18 వేల కిలోమీటర్లే. ‘ఎంతో బాగా చూసుకున్న కారు’ అని అమ్మేవారు రాశారు. హైదరాబాద్‌లోనే ఉంది. కొనేవారి తరఫున ఇలాంటి కార్లను పరీక్షించే అన్న ఈ రోజు మనతో ఉన్నారు. ఫొటోలు చూశారా అన్నా?

అతిథి: చూశాను తమ్ముడూ, కన్ను తిప్పుకోలేకపోయాను. ఆ తరం బాక్‌స్టర్ అంటే నాకు ప్రాణం. 2012లో వచ్చింది, 981 అంటారు. ఇంజిన్ సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు ఉంటుంది. ఆరు సిలిండర్లు, 2.7 లీటర్లు, 265 హార్స్‌పవర్, టర్బో లేదు. 2016లో దీని స్థానంలో వచ్చిన 718లో నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. బండి ఇంకా చురుకైంది కానీ ఆ గొంతు పోయింది. టాప్ తీసి నడిపేవారికి గొంతే కదా ముఖ్యం!

వ్యాఖ్యాత: బాక్‌స్టర్ అనగానే ఇంజిన్‌లో బేరింగ్ పోతుందని భయపెడతారు.

అతిథి: ఐఎంఎస్ బేరింగ్ గురించి అంటున్నారు, అంటే ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్టు అనే కడ్డీని మోసే బేరింగ్. అది 2008 దాకా వచ్చిన ఇంజిన్ల సంగతి. 2009 నుంచి ఆ షాఫ్టునే తీసేశారు. ఈ కారుకు ఆ భయం అక్కర్లేదు.

వ్యాఖ్యాత: మరి 18 వేలే తిరిగిందంటే మంచిదేగా?

అతిథి: నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది. ఇన్నేళ్లలో అంతే తిరిగిందంటే ఎక్కువ కాలం నిలబడే ఉంది. నిలబడిన కారుకు రబ్బరు ఎండుతుంది, బ్యాటరీ చస్తుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. ఆ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చాలి, తిరిగినా తిరగకపోయినా. బిల్లులు అడగండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3413 అని ఉంటే 2013లో ముప్పై నాలుగో వారంలో తయారైందని అర్థం. దాని మీద అరుగుదల లేకపోయినా నేనైతే ఆ టైరుతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కను.

వ్యాఖ్యాత: టాప్ విషయం చెప్పండి. కన్వర్టిబుల్ కొనేదే దానికోసం.

అతిథి: తొమ్మిది సెకన్లలో తెరుచుకుంటుంది, యాభై కిలోమీటర్ల వేగం దాకా నడుస్తూనే తీయవచ్చు. అందరూ ఆ బటన్ నొక్కి చూసి మురిసిపోతారు. నేను టాప్‌ను సగంలో ఆపమంటాను. అప్పుడు వెనక రెండు మూలల్లో నీళ్లు పోయే రంధ్రాలు కనబడతాయి. వాన నీళ్లు టాప్ మీద నుంచి జారి అక్కడికి చేరి, కారు కిందికి పోవాలి. వేప చెట్టు కిందో కానుగ కిందో పెడితే రాలిన ఆకులన్నీ అక్కడే చేరి మడ్డిలా పేరుకుంటాయి. ఒక మగ్గుతో నీళ్లు తీసుకుని, సన్నని ధారగా పోసి, కారు కిందికి వంగి చూడండి. వెంటనే కారితే సంతోషం. పైన నిలిచిపోయాయంటే, పోయిన వానాకాలం నీళ్లు ఎక్కడికి పోయాయో వెతకాలి. సీట్ల వెనక కార్పెట్ కింద వేళ్లు పెట్టి నొక్కండి, వాసన చూడండి. మొదటి తరం బాక్‌స్టర్లో సీటు కిందే ఇమ్మొబిలైజర్ పెట్టె, అంటే దొంగలు కారు స్టార్ట్ చేయకుండా అడ్డుకునే పరికరం ఉండేది, అది తడిస్తే కారు స్టార్ట్ అయ్యేది కాదు.

వ్యాఖ్యాత: ఇంత చిన్న రంధ్రం కోసం ఎవరూ చూడరు అన్నా!

అతిథి: చూసే యజమాని ఒకరు దొరికితే ఆ కారు ధర గురించి ఎక్కువ బేరం ఆడకండి. అది శుభ్రం చేసినవాడు మిగతావన్నీ చేసే ఉంటాడు. ముందు బంపర్ రెండు పక్కల గాలి వెళ్లే సందుల్లోకి కూడా టార్చ్ వేయండి. లోపల రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు ఉంటాయి. తడి ఆకులు చేరితే అవి తినేసుకుపోతాయి. కింద ప్లాస్టిక్ తొడుగు గీతలు పడి ఉంటుంది, మన స్పీడ్ బ్రేకర్ల మీద అది మామూలే. పగిలి వేలాడుతుంటే మాత్రం కారణం అడగండి.

వ్యాఖ్యాత: మీటర్ వెనక్కి తిప్పారేమో ఎలా తెలుస్తుంది?

అతిథి: ఇంజిన్ కంప్యూటర్ ఎన్ని గంటలు నడిచిందో లెక్క ఉంచుకుంటుంది. వర్క్‌షాప్‌లో పరికరం పెట్టి చూపించమనండి. కిలోమీటర్లను ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. 18 వేలకు 1,500 గంటలు చూపిస్తే గంటకు 12 కిలోమీటర్లు. ఎంత ట్రాఫిక్ అయినా అది నమ్మశక్యంగా లేదు.

వ్యాఖ్యాత: కాగితాలు?

అతిథి: యాజమాన్యం మీ పేరుకు మారడానికి ఫారం 29, 30 సంతకాలు తప్పనిసరి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28తో ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ముందే రవాణా శాఖలో కనుక్కోవాలి. లోన్ ఉండి ఉంటే అది తీరిపోయిందని ఫారం 35తో పాటు బ్యాంకు లేఖ. బీమా క్లెయిమ్‌లు కూడా అడగాలి.

వ్యాఖ్యాత: మన శ్రోత ఆదివారం వెళ్తున్నారు. ఇంకేమైనా?

అతిథి: పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పండి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే కాస్త పొగ వస్తే కంగారు పడకండి, దీని సిలిండర్లు నిలువుగా కాక పడుకోబెట్టి ఉంటాయి, వాటికి అది సహజం. నీలం పొగ ఆగకుండా వస్తుంటే బయానా ఇవ్వకుండా ఫొటోలు, వీడియో నాకు పంపండి. నేను సోమవారం వచ్చి చూస్తాను.