బాబాయి ఎందుకు రాడు?

(దృశ్యం: చిక్కడపల్లిలో ఒక ఇంటి మేడ. చాప మీద ఎనిమిది మంది, మధ్యలో వేయించిన పల్లీల పళ్ళెం.)

ఈ రోజు ఆటలో మా పార్టీకి ఒక గేటు ఉంది. కాపలా నాది. ఎవరు లోపలికి రావచ్చో నాకు మాత్రమే తెలుసు, మీరు అడిగి తెలుసుకోవాలి. అమ్మ వస్తుంది. నాన్న వస్తాడు. పిన్ని వస్తుంది. బాబాయి రాడు.

బాబాయి నా పక్కనే కూర్చుని ఉన్నారు. “నేనేమి తప్పు చేశానురా?” అన్నారు. తప్పేమీ లేదు, నియమం అలా ఉంది.

తాత? రాడు. తాతయ్య? వస్తాడు. “తెలిసింది, గౌరవంగా పిలవాలి!” అంది చెల్లి. సరే, బావ? రాడు. బావగారు? ఆయనా రారు. అల్లుడు వస్తాడు, కోడలు రాదు. ఇక్కడ అత్తయ్య నవ్వింది, వదిన నవ్వలేదు.

(తెర మీద: నగరం పటం. ఒక్కో పేరు వెలుగుతుంది.)

ఊళ్ళ పేర్లు మొదలయ్యాయి. ఉప్పల్ వస్తుంది, నాంపల్లి వస్తుంది. “మెట్రో స్టేషను ఉన్న చోట్లు” అన్నాడు అన్నయ్య. మరి రెండు మెట్రో దారులు కలిసే అమీర్‌పేట? రాదు. పప్పు వస్తుంది, బిర్యానీ రాదు. హైదరాబాదులో బిర్యానీ రాని పార్టీ ఏమి పార్టీ అని అందరూ నా మీద విరుచుకుపడ్డారు.

వీడియో ఇక్కడ ఆపి, మీ ఊహ ఏదో కాగితం మీద రాసుకోండి.

(తెర మీద: అమ్మ, నాన్న, పప్పు. వత్తులు ఎర్రగా మెరుస్తాయి.)

కిటుకు ద్విత్వాక్షరం. ఒక హల్లు కింద అదే హల్లు వత్తుగా ఉన్న మాట లోపలికి, మిగతావి బయట. బిర్యానీలో ర కింద ఉన్నది య వత్తు. అది సంయుక్తాక్షరం, చెల్లదు. ఉస్మానియా బిస్కెట్ దగ్గర పెద్ద తగాదా అయింది. “బిస్కెట్” అంటే రాదు, “బిస్కెట్టు” అంటే వస్తుంది. ఎలా పలికితే అలా లెక్క అని తీర్పు చెప్పాను. ఇలాంటివి ఆట మొదలుపెట్టే ముందే తేల్చుకోవడం మంచిది, లేకపోతే నాలా మాటలు పడాలి.

అసలు ఈ ఆటలో మనం ఎక్కడ ఇరుక్కుంటాం? పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ఒక ప్రయోగం ప్రచురించాడు. 2, 4, 6 నా నియమానికి సరిపోతాయి, మీరూ మూడేసి అంకెలు చెప్పి నియమం కనుక్కోండి అన్నాడు. చాలామంది 8, 10, 12 అన్నారు. అవును. 20, 22, 24. అవును. “రెండేసి పెరగాలి” అని తేల్చేశారు. కాదు! ప్రతి అంకె ముందుదానికంటే పెద్దదైతే చాలు, అదే నియమం. 29 మందిలో తప్పు జవాబు చెప్పకుండా దాన్ని పట్టుకున్నవారు 6 మంది. 1, 2, 3 అని ఒక్కసారి అడిగి ఉంటే “రెండేసి” ఊహ అక్కడికక్కడే కూలిపోయేది. కానీ మనకు “అవును” అనిపించుకోవడమే ఇష్టం.

మా మేడ మీద ఆ జబ్బు లేనివాడు పదేళ్ళ మేనల్లుడు ఒక్కడే. పల్లీలు నములుతూ అరగంట చూశాడు.

“బలి?”
“రాదు.”
“బల్లి?”
“వస్తుంది.”
“గద?”
“రాదు.”
“గద్ద?”
“వస్తుంది.”

ఇంకేమీ అడగలేదు. మాటలో మిగతాదంతా అలాగే ఉంచి, ఒక్క వత్తు మాత్రం మార్చి చూశాడు. అంతవరకు పెద్దలు నలభై మాటలు అడిగారు. వాటిలో ఇలాంటి జత ఒక్కటీ లేదు.

(తెర మీద: పేకముక్కల వరుస. కొన్ని వరుసలో, కొన్ని దాని కింద.)

పేకముక్కలతో ఆడేది కావాలంటే ఎల్యూసిస్ ఉంది. రాబర్ట్ ఆబట్ 1956లో తయారుచేశాడు. మార్టిన్ గార్డ్‌నర్ 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో దాని గురించి రాయడంతో నలుగురికీ తెలిసింది. పంచేవాడు ఒక నియమం అనుకుంటాడు, ఎరుపు తర్వాత నలుపే పడాలి అన్నట్టు. సరిపోయిన ముక్క వరుసలో చేరుతుంది. సరిపోనిదాన్ని వరుస కింద అందరికీ కనిపించేలా ఉంచుతారు. నాకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. “రాదు” అన్న మాటలు కూడా కళ్ళ ముందే ఉంటాయి. మేమూ రెండో ఆట నుంచి “వచ్చేవి”, “రానివి” అని కాగితం మీద రాయడం మొదలుపెట్టాం.

దాని కొత్త రూపంలో కిటుకు తెలిసిందనుకున్న ఆటగాడు “ప్రవక్త” అవుతాడు. పంచేవాడి బదులు తానే తీర్పులు చెబుతాడు, తప్పితే పదవి పోతుంది. ఇంట్లో కూడా ఇది పెట్టండి. తెలిసినవాడు అరిచి మిగతావాళ్ళ సరదా పాడుచేయడు, గేటు దగ్గర నా పక్కన నిలబడతాడు.

(దృశ్యం: బాబాయి లేచి గేటు దగ్గరికి వస్తారు.)

ఇప్పుడు కాపలా బాబాయిది, కొత్త నియమం. వంకాయ వస్తుంది, కాకరకాయ రాదు. రసం వస్తుంది, చారు రాదు. బంగాళాదుంప వస్తుంది, ఆలుగడ్డ రాదు. ఇక మీరు అడగండి.

ఈ నియమం ప్రకారం కూడా బాబాయి రాడు. ఆ సంగతి ఆయన ఇంకా గమనించలేదు.