గీత పుట్టే చోట కెమెరా

సభకు నమస్కారం.

ఈ సినిమా గురించి కాకినాడలో చెప్పడం నాకు తేలిక. పక్కనే మాధవపట్నం ఉంది, తెర వెనక దీపం పెట్టి తోలుబొమ్మలాడించేవాళ్ల ఊరు. ఫ్రెంచి దర్శకుడు క్లూజో 1956లో తెచ్చిన ‘ది మిస్టరీ ఆఫ్ పికాసో’ కూడా అలాంటి తెర ఆటే. పల్చటి కాగితానికి అటువైపు చిత్రకారుడు పికాసో సిరాతో గీస్తుంటాడు, ఆ సిరా ఇటువైపుకి ఊరుతుంది. కెమెరా ఇటువైపు. చెయ్యి కనపడదు. గీత ఒక్కటే తనంతట తాను నడుచుకుంటూ వస్తుంది.

కాన్ సినిమా ఉత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది, థియేటర్లలో ఆడలేదు. 1984లో ఫ్రెంచి ప్రభుత్వం జాతీయ సంపదగా ప్రకటించింది.

చిత్రకారుడి మీద డాక్యుమెంటరీ వస్తే మన రివ్యూల్లో ముందు పడే మాట: ‘ఆయన కళ ఏమిటో చెప్పలేదు.’ ఫ్రెంచి సినిమా విమర్శకుడు ఆంద్రే బజాన్ ఈ సినిమా దగ్గర దాన్ని తిరగేశాడు. ఇది దేన్నీ వివరించదు, దీని గొప్పతనమే అది అన్నాడు. బొమ్మకి కాలం కూడా ఒక భాగమేననీ, మధ్యలో చెరిగిపోయినవి చివరి బొమ్మకి మెట్లు కావు, అవీ బొమ్మలేననీ ఆయన వాదన. నేను ఆయన పక్షమే. అయితే ఇంకో అయిదు నిమిషాల రీలే ఉందంటూ క్లూజో పికాసోని తొందరపెట్టే ఘట్టం నాకు నచ్చదు. గీతలోనే ఉన్న ఉత్కంఠకి గడియారం అక్కర్లేదు.

నన్ను కట్టిపడేసేది సముద్రతీరం బొమ్మ. మనుషులు వస్తారు, పోతారు, రంగు మీద రంగు పడుతుంది. బాగానే ఉందనుకునేలోపు చెరిపేస్తాడు. చివరికి బాగా రావట్లేదని తనే అని, కొత్త కాన్వాసు మొదలుపెడతాడు. అంత పేరున్న మనిషి కెమెరా ముందు ఆ మాట అనడం చూడండి!

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్తే నాకు ఇదే బాధ. 1925లో మసూచితో పోయేనాటికి ఆయనకి ముప్ఫై నిండలేదు. బొమ్మలు మిగిలాయి. ఏ గీత దగ్గర ఆగాడో, ఏది తుడిచేశాడో చూసే భాగ్యం మనకి లేదు.

మన జిల్లాల చిత్రకారుల మీద సినిమాలు తీస్తున్న పిల్లలు ఇక్కడున్నారు. సన్మానాలు, పెద్దల అభినందనలు తగ్గించండమ్మా. చిత్రకారుడు బొమ్మ వేస్తుంటే ఒక అరగంట కెమెరా కదపకుండా పెట్టండి. పాడైందని ఆయన పక్కన పడేసిన బొమ్మని మాత్రం ఎడిటింగులో తీసెయ్యకండి.