పుచ్చిన కర్రకు ప్లాస్టిక్ పట్టించడం

అందరికీ నమస్కారం. తరిణె (లేత్) పట్టేవాళ్లూ, చెక్కతో పెన్నులూ కత్తి పిడులూ చేసుకునేవాళ్లూ ఎక్కువమంది వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం పెట్టుకోకుండా పనిలోకి దిగుతాను.

మామిడి దుంగ వానకు నాని పడి ఉంటే బూజు లోపలికి పాకి నల్లటి సన్నగీతలు తేలతాయి. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, ఉలి ఆనిస్తే పొట్టులా రాలిపోతుంది. అలాంటి కర్రను పొయ్యిలో పెట్టకుండా కాపాడుకోవడానికి ఒక చవక దారి ఉంది. అక్రిలిక్ అనే గాజులాంటి ప్లాస్టిక్ ముక్కల్ని, అసిటోన్ అనే గబగబా ఆవిరయ్యే ద్రవంలో కరిగించి, ఆ ద్రావణాన్ని కర్రకు తాగించడం. ఇది కొత్త సంగతేం కాదు. మ్యూజియాల్లో పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ గుళికల్ని ఇలాగే కరిగించి, పురుగు తిన్న పాత కొయ్య బొమ్మలకు పట్టిస్తారు. మన చేతికి వచ్చేది దాని పేద చుట్టం, సైన్‌బోర్డు షాపులో కోయగా మిగిలిన ముక్క.

అయితే దీని నుంచి ఎంత ఆశించాలో ముందే తేల్చుకోవాలి. వంద మిల్లీలీటర్ల అసిటోన్‌కు పది గ్రాముల అక్రిలిక్ వేశామనుకోండి. చెక్క అందులో అరవై మిల్లీలీటర్లు తాగినా, ఆరాక లోపల మిగిలేది ఆరు గ్రాముల లోపే. తక్కినదంతా గాల్లో కలిసిపోతుంది, ఆ చోటు మళ్లీ ఖాళీ. పైగా ఈ ప్లాస్టిక్ కర్ర నాళాల్లో పేరుకుంటుందే తప్ప వాటి గోడల్లోకి దూరదు. చెమ్మకు ఉబ్బేదీ ముడుచుకునేదీ ఆ గోడలే. కాబట్టి కర్ర గట్టిపడుతుంది గానీ, వానాకాలం ఉబ్బడం మానదు. స్వీడన్‌లో 1628లో మునిగి 1961లో పైకి తీసిన వాసా అనే కొయ్య ఓడకు పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని 1962 నుంచి 1979 దాకా, అంటే పదిహేడేళ్లు, చల్లుతూనే ఉన్నారు. ఆ గోడల్లోని నీటి చోట్లోకి వేరేదాన్ని ఎక్కించడానికి అంత ఓపిక పట్టింది. జాడీలో ఒక రాత్రి నానబెట్టి ఆ ఫలితం వచ్చిందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇక ముక్క ఎంచుకోవడం. పారదర్శకంగా ఉన్నదల్లా అక్రిలిక్ కాదు. మూలన ఒక చుక్క అసిటోన్ వేసి వేలితో తాకండి. అక్రిలిక్ అయితే జిగురుగా అంటుతుంది. పాలికార్బొనేట్ అనే వేరే ప్లాస్టిక్ అయితే తెల్లబడి సన్నగా బీటలు తీస్తుంది, దాన్ని పక్కన పెట్టండి. బకెట్లూ, నీళ్ల సీసాలూ అసిటోన్‌లో కరగవు. థర్మకోల్ సంగతి చాలామంది అడుగుతారు. అసిటోన్‌లో వేయగానే చుయ్‌మని కుంగిపోతుంది. నిజానికి అందులో ఉన్న గాలి పోతోందంతే. అడుగున సాగే ముద్ద మిగులుతుంది. ఆ ముద్ద కర్రలోకి దిగదు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే అసలు అసిటోనే కొనండి. గోళ్లరంగు తుడిచే ద్రవంలో నీళ్లూ నూనెలూ కలిసి ఉంటాయి. నీళ్లు తగిలితే ద్రావణంలోని అక్రిలిక్ పాలు విరిగినట్టు తెల్లగా విడిపోతుంది. అందుకే కర్ర కూడా బాగా ఎండి ఉండాలి. ముసురు పట్టిన రోజు కూడా వద్దు. అసిటోన్ గబగబా ఆవిరవుతూ చెక్కను చల్లబరుస్తుంది, గాల్లోని చెమ్మ దాని మీద చేరి పాలపొర కడుతుంది. కోస్తాలో ఉండేవాళ్లకు ఈ బాధ ఎక్కువ.

మొదటి విడత పలచగా, వందకు ఐదు గ్రాములు చాలు. గాజు జాడీలో, చిన్న చిన్న ముక్కలు చేసి వేసి, అప్పుడప్పుడూ తిప్పుతూ ఉంచితే మర్నాటికల్లా కరుగుతాయి. చెక్కను ముంచి పైన బరువు పెట్టండి. బుడగలు జోరుగా వస్తాయి, తర్వాత ఒక్కొక్కటిగా, ఆపైన ఆగిపోతాయి. అప్పుడు తీయండి.

అసలు చిక్కంతా ఆరబెట్టడంలో ఉంది. తీసి ఎండలోనో ఫ్యాన్ కిందో పెడితే, బయటికి పరుగెత్తే అసిటోన్ ప్లాస్టిక్‌ను కూడా పైకి లాక్కొచ్చేస్తుంది. పైన మెరిసే పెంకు, లోపల అదే పొట్టు. కోసి చూస్తేగానీ తెలియదు. అందుకని మూత కాస్త సందు వదిలిన డబ్బాలో పెట్టి రోజుల తరబడి నిదానంగా ఆరనివ్వాలి. రోజూ తూకం వేయండి. బరువు తగ్గడం ఆగాకే రెండో విడత, ఈసారి పది గ్రాములతో.

వాక్యూమ్ పంపు ఉన్నవాళ్లు దయచేసి దాన్ని దీనికి వాడకండి. అసిటోన్ మామూలుగానే 56 డిగ్రీలకు మరుగుతుంది. వాక్యూమ్‌లో గది వేడికే మరిగి, ఆ ఆవిరి నేరుగా మోటారు దగ్గరికి వెళుతుంది. అది గాలికన్నా బరువు కాబట్టి నేల వెంట పాకుతుంది, దూరాన ఉన్న పొయ్యినో స్విచ్ నిప్పురవ్వనో అందుకుంటుంది. వంటింట్లో ఈ పని వద్దే వద్దు, ఆరుబయట చేసుకోండి. మామూలు సర్జికల్ గ్లౌజుల్లోంచి అసిటోన్ దూరిపోతుంది. బ్యూటైల్ రబ్బరువి అయితే ఆగుతాయి.

ఆరిన చెక్కను తరిణె మీద పట్టేటప్పుడు ఉలి పదునుగా, చెయ్యి తేలికగా ఉండాలి. ఏటికొప్పాకలో తిరిగే బొమ్మకు లక్క ఆనిస్తే రాపిడి వేడికే మెత్తబడి అంటుకుంటుంది. అక్కడ ఆ వేడితోనే పని జరుగుతుంది. ఇక్కడ అదే వేడి మన ప్రాణానికి వస్తుంది. అక్రిలిక్ మెత్తబడి ఉప్పు కాగితాన్ని జిడ్డులా పట్టేస్తుంది. వేగం తగ్గించి, కాగితాన్ని తడిపి రుద్దండి.

గరిటెలకూ, తినే గిన్నెలకూ, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకూ ఈ చెక్క వాడకండి. సైన్‌బోర్డు ముక్కలో ఏ రంగులు, ఏ మందులు కలిపారో మనకు తెలియదు. మిగిలిన ద్రావణాన్ని డ్రైనేజీలో పోయొద్దు. జాడీకి గట్టిగా మూత పెట్టి, పేరు రాసి, పిల్లలకు అందని చోట దాచుకోండి. చిక్కబడితే మళ్లీ కాస్త అసిటోన్ పోసుకోవచ్చు.

బల్ల మీద పెట్టిన రెండు చెక్కల్నీ అడ్డంగా కోసి ఉంచాను. ఒకటి ఎండలో ఆరబెట్టింది, ఒకటి డబ్బాలో. వచ్చి మధ్యలో గోటితో గీకి చూడండి, తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.