పెళ్లిపత్రిక ఫైలుకు తాళం ఎవరేసినారు?

యాంకర్: కడప నుంచి నమస్కారం. కోడ్ అందరికీ తెరిచిపెట్టే ఓపెన్ సోర్సా, కోడ్ దాచుకునే కంపెనీ సాఫ్ట్‌వేరా అనగానే పిల్లోళ్లు లినక్స్, విండోస్ అని ఎత్తుకుంటారు. ఇంజినీరింగ్ చదివే ఈ చెల్లెలు మాత్రం పెళ్లిపత్రికతో మొదలుపెడతానంటోంది. ఎందుకమ్మా?

స్టూడెంట్: తెలుగోళ్లకు ఆ తేడా ముందు తగిలేది అక్కడే అన్నా. డీటీపీ సెంటర్లో పేజీలు కట్టే పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసిన మ్యాటర్ ఇంటికి తెచ్చి తెరువు. తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకు కొమ్ములు, చుక్కలు మొలిచినట్టు ఏందేందో కనపడుతుంది.

యాంకర్: ఫైలు పాడైందనుకుంటాం.

స్టూడెంట్: పాడు కాలేదు, లోపల ఉండేదే అది. కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలకుండే నంబర్ల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టినారు. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ఒకే పట్టిక, దాంట్లో అట్ల కాదు. తెలుగుకు సొంత గళ్లు, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. 1991లో వచ్చిన మొదటి వెర్షన్లోనే ఇచ్చినారు. ‘రాష్ట్రం’ చూడు: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. ఎనిమిది కోడ్లు. ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో ఫాంటు, అక్షరాలను కూర్చే షేపింగ్ ఇంజిన్ అనే ప్రోగ్రాము చూసుకుంటాయి. ఫాంటు మార్చినా మాట మారదు, వెతికితే దొరుకుతుంది.

యాంకర్: అంటే తాళం ఫైల్లోనే ఉందన్నమాట. మన బ్రౌన్ దొర ఇదే కడపలో పండితుల్ని పెట్టి తాళపత్రాలు సరిచూయించినాడు. చదువొచ్చినోడు ఎవడైనా చదివే రాత అది.

స్టూడెంట్: ఇక్కడ చదువుతో పాటు ఫాంటు కూడా రావాల. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. తర్వాత అడోబ్ దాన్ని ఆపేసి పేజీలు కట్టే తన ఇంకో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ మీదికి పోయింది. యూనికోడ్ తెలుగు పేజ్‌మేకర్లో పేస్ట్ చేస్తే ప్రశ్న గుర్తులే. సోర్స్ కోడ్ బయట లేదు గదా, బయటోళ్లు బాగుచేసే దారి లేదు.

యాంకర్: పాత మ్యాటర్ మార్చుకోవాలంటే?

స్టూడెంట్: ముందు ఏ ఫాంటు, ఏ వెర్షన్ అని డీటీపీ ఆయన్నే అడగాల. గళ్ల పట్టిక వేరైతే, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ఇంకేదో రాస్తుంది. రెండోది, అందరూ తప్పేది ఇక్కడే, ఫోన్ నంబర్లు, ఈమెయిల్, ఇంగ్లీషు పేర్లు ముందే తీసి పక్కన పెట్టుకోవాల. కాపీ చేసినప్పుడు ఫాంటు సమాచారం పోతుంది. అప్పుడు కన్వర్టర్‌కు ఇంగ్లీషు ‘ఏ’ ఏదో, ఆ గడిలో దాక్కున్న తెలుగు ముక్క ఏదో తెలీదు. ఈమెయిల్ కూడా తెలుగైపోతుంది.

యాంకర్: మార్చినాక సరిచూసేది?

స్టూడెంట్: పుస్తకమంతా చదివే ఓపిక లేకపోతే శ్రీ, స్త్రీ, క్ష, జ్ఞ, రాష్ట్రం, ఈర్ష్య, ఇవన్నా వెతికి చూడాల. ఇంకొకటి, ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటే. ట్ తర్వాత కంటికి కనపడని 200సీ అనే కోడ్ ఉండాల. అది లేకుంటే వకారం కూడా ఒత్తుగా కిందికి దిగిపోయి ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది.

యాంకర్: సరే, యూనికోడ్ చేతికొచ్చింది. పేజీ దేంట్లో కట్టాల?

స్టూడెంట్: ఇన్‌డిజైన్ ఉంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో లైన్లు కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాల. మామూలు కంపోజర్లో ఒత్తులు విడిపోతాయి. డబ్బు పెట్టకూడదంటే ఓపెన్ సోర్స్‌లో స్క్రైబస్ ఉంది. 1.5.3 కంటే పాతది మాత్రం వద్దు, తెలుగు సరిగా కూర్చోదు. ప్రెస్సు వాడే నాలుగు సిరాల సీఎంవైకే రంగులు ఇస్తుంది, ప్రెస్సుకు పీడీఎఫ్ పంపొచ్చు. ఉత్తరాలు, ప్రాజెక్టు రిపోర్టులకైతే వర్డ్ లాంటి పని చేసే ఓపెన్ సోర్స్ లిబ్రేఆఫీస్ చాలు. ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టి తెలుగు ఎంచుకోవాల. స్టైల్లో మొదట కనపడే ఫాంటు మార్చి ‘తెలుగు మారలేదే’ అంటారు. అది ఇంగ్లీషుకు. తెలుగు ఫాంటు వేరే గడిలో ఉంటుంది.

యాంకర్: వర్డ్‌లో చేసిన రిపోర్టు అందులో తెరిస్తే పేజీలు జరుగుతాయి గదా?

స్టూడెంట్: అది ఎక్కువసార్లు ఫాంటు పనే. గౌతమి, నిర్మల యూఐ విండోస్‌తో వచ్చేవి. లినక్స్‌లో అవి లేకుంటే ఇంకో ఫాంటు వచ్చి చేరుతుంది, దాని ఎత్తు వేరు, 40 పేజీలు 43 అవుతాయి. మొదటి నుంచే నోటో సాన్స్ తెలుగు, మండలి, పెద్దన లాంటివి రెండు సిస్టమ్స్‌లోనూ వేసుకుంటే గొడవుండదు. లినక్స్‌లో ఫాంటు ఫైలు మీద డబుల్ క్లిక్, ఇన్‌స్టాల్, అంతే.

యాంకర్: పెద్దన, తిమ్మన, ధూర్జటి... రాయలవారి సభంతా ఫాంట్లై కూర్చుంది! అన్నీ ఉచితమేనా?

స్టూడెంట్: ఉచితం అనేది సగమే. వాటి లైసెన్సు ఓఎఫ్ఎల్, అంటే ఓపెన్ ఫాంట్ లైసెన్సు. పెళ్లిపత్రిక వేసి డబ్బు తీసుకోవచ్చు, ఆకారం మార్చి పంచొచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు. మార్చినదాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాల, రిజర్వు చేసిన పేరుంటే ఆ పేరు పెట్టకూడదు. ఇంకో తమాషా చూడు. తెలుగు ఒత్తుల్ని కూర్చే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్సే, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో ఉంది. గూగుల్ కంపెనీ క్రోమ్‌లోనూ అదే పని చేస్తోంది. రెండు ఊళ్ల మధ్య గోడేమీ లేదు.

యాంకర్: అయితే అను ఫాంట్లు మానేయమంటావా?

స్టూడెంట్: రేపు పొద్దున కార్డులు చేతికి రావాలంటే మానొద్దు. ఆ ఆపరేటర్ల వేగం, పెళ్లిపత్రికలకు సరిపోయే అక్షరాల వెరైటీ ఓపెన్ ఫాంట్లలో ఇంకా అంత లేదు, ఒప్పుకోవాల. వంశవృక్షం, ఊరి చరిత్ర, కాలేజీ సంచిక లాంటివి మాత్రం యూనికోడ్‌లోనే కొట్టించాల. డబ్బు ఇచ్చేటప్పుడే ప్రింటుతో పాటు లిబ్రేఆఫీస్‌లో తెరిచి మార్చుకునే ఓడీటీ ఫైలు ఒకటి, పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో అడగాల.

యాంకర్: ఇచ్చింది యూనికోడో కాదో అక్కడే ఎట్ల తెలుస్తుంది?

స్టూడెంట్: ఓడీటీ తెరిచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చెయ్యన్నా. తెలుగు కనపడితే పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకో. కొమ్ములు మొలిస్తే కౌంటర్ కాడనే నిలబడు.