అర్థంలేని పద్యాన్ని నటుడి గొంతులో రికార్డ్ చేద్దాం: ఫోన్, ఆడాసిటీ చాలు

నమస్తే అండి. ముందు ఇది వినండి, వివరాలు తర్వాత. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

(టేక్ ప్లే. తెర మీద పద్యం)

ఝిల్లుగొండి మీద జిరజెల్ల కూర్చుండి
దుబ్బుడబ్బ నొకటి తోడుకొనియె
కొర్రుపిల్ల వచ్చి గొరగొర్రమనగానె
ఉల్లగుల్లలన్ని ఉస్సురనియె

విన్నారుగా. చదివింది పద్యనాటకాలు ఆడే ఒక మాస్టారు, తెనాలి వైపు ఆయన, దుర్యోధనుడి వేషం కడతారు. పద్యం నేను రాసిందే. జిరజెల్ల, దుబ్బుడబ్బ, కొర్రుపిల్ల, ఇవి ఏ నిఘంటువులోనూ దొరకవు, వెతక్కండి. కానీ ఆయన గొంతులో విన్నప్పుడు ఎవరో పెద్ద దర్జా ఉన్న మనిషి ఎత్తుగా ఎక్కడో కూర్చున్నాడని, ఇంతలో చిన్నదేదో వచ్చి ఒక్క అరుపు అరిచిందని, దాంతో అక్కడున్న వాళ్ళందరి గాలీ పోయిందని మీకు అనిపించి ఉండాలి. నాకైతే విన్న ప్రతిసారీ అనిపిస్తుంది, ఒళ్ళు జలదరిస్తుంది కూడా. ఆ ఆనందాన్ని రికార్డింగ్‌లో చెడిపోకుండా ఎలా పట్టుకోవాలో ఈ వీడియోలో చూపిస్తాను.

సరే, మొదటిది పద్యం. దీని గురించి ఎక్కువ చెప్పను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పేర్లు మాత్రమే కొత్తవి, మిగతాదంతా మనదే ఉండాలి. చూడండి, కూర్చుండి, తోడుకొనియె, వచ్చి, అనగానె, ఉస్సురనియె... క్రియలన్నీ మనవి, 'మీద' మనది, 'అన్ని' మనది. అందుకే చెవి దీన్ని కథలాగా వింటుంది. మాటలన్నీ కొత్తవైతే అది ఉత్త చప్పుడు. లూయిస్ కారల్ రాసిన 'జాబర్‌వాకీ' అనే అర్థంలేని ఇంగ్లీష్ పద్యం ఉంది కదా, 1871 నాటిది, అందులోనూ ఇంచుమించు ఇదే పద్ధతి, ఇంగ్లీష్ వ్యాకరణం ఎక్కడా చెదరదు, పేర్లూ విశేషణాలూ కొన్ని క్రియలూ మాత్రం ఆయన పుట్టించుకున్నవి. ఇంగ్లీష్ నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ దాన్ని చదివిన రికార్డింగ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తప్పకుండా వినండి, ఇంగ్లీష్ అంతగా రానివాళ్ళు ఇంకా ముఖ్యంగా వినండి, ఎందుకంటే ఆ మాటలు ఇంగ్లీష్ వాళ్ళకి కూడా తెలియనివే, ఈ ఒక్క చోట వాళ్ళూ మనమూ సమానం.

ఛందస్సు ఆటవెలది తీసుకున్నాను. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదిరే చోటు, నాలుగో గణం మొదటి అక్షరం మీద. తెర మీద రంగులు వేసి పెట్టాను, ఆపి చూసుకోండి. ఆటవెలదే ఎందుకంటే వేమన పద్యాలు ఎక్కువగా అందులోనే ఉన్నాయి కాబట్టి ఆ నడక మనకి చిన్నప్పుడే చెవిలో పడిపోయింది. మొదటి పాదం వినగానే చెవి దానంతట అదే ఒక నీతి కోసం సిద్ధమైపోతుంది. ఆ సిద్ధమైన చెవిలో దుబ్బుడబ్బ వచ్చి పడుతుంది!

రాయడం కుదరకపోతే ఉన్నవి తీసుకోండి. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే 'మేక తోకకు మేక' పద్యం ఉంది, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, మీకు తెలిసిన పాఠంతోనే చెయ్యండి. పిల్లల 'కాళ్ళా గజ్జా కంకాళమ్మ' ఇంకా బాగుంటుంది, పెద్ద గొంతున్న నటుడి చేత చదివించి చూడండి ఒకసారి, పిల్లల ఆటపాట కాస్తా మంత్రంలా వినిపిస్తుంది.

రెండోది రికార్డింగ్. ఇది గబగబా చెప్పేస్తాను. ఫోన్ చాలు, కాలర్ మైక్ ఉంటే మంచిది. మైక్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి, నోటికి ఎదురుగా పెడితే 'ప' 'బ' దగ్గర గాలి కొడుతుంది. మోనో, అంటే ఒకే ఛానెల్, వీడియోకి కాబట్టి శాంపిల్ రేట్ 48,000 హెర్ట్జ్. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. గోడకి మందపాటి రగ్గు వేలాడదీయండి, లేదా బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోబెట్టండి. ఫ్యాన్ ఆపాలి. బెజవాడ ఎండల్లో ఫ్యాన్ ఆపి పెద్దాయన్ని గదిలో కూర్చోబెట్టడం న్యాయం కాదు కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోండి, అప్పటికి బందరు రోడ్డు హారన్లు కూడా ఇంకా మొదలవ్వవు. మధ్యలో నీళ్ళు, చల్లనివి వద్దు. పద్యం మొదలుపెట్టే ముందు ఒక పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గదిని రికార్డ్ చెయ్యండి. ఇది మర్చిపోవద్దు, దీంతో తర్వాత పని ఉంది.

ఇప్పుడు నటుడికి ఏం చెప్పాలి. ఇది ముఖ్యం. 'ఇది తమాషా పద్యం అండి, సరదాగా చదవండి' అని చెప్పకండి. ఆ మాట అన్నారంటే ఆయన గొంతు మార్చి, కళ్ళెగరేసి, ప్రతి మాటకీ నవ్వు పూసి చదువుతారు, అప్పుడు వినేవాడికి మిగిలేది ఏమీ ఉండదు. నిజంగా జరిగిన సంగతి చెబుతున్నట్టే చదవమనండి. మాస్టారు పద్యం ఒకసారి చూసుకుని, "ఏమయ్యా, ఈ దుబ్బుడబ్బ మంత్రా, సేనాపతా?" అన్నారు. "మీకు ఎవరనిపిస్తే వాళ్ళే మాస్టారూ" అన్నాను. కాసేపు ఆలోచించి, "సేనాపతే, అయితే చేతకానివాడు" అన్నారు. అంతే, తర్వాత ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతులో ఒక చిన్న విసుగు దొర్లేది, ఆ విసుగు రాతలో ఎక్కడుంది చెప్పండి? నటుడు ప్రతి వింతమాటకీ లోపల ఒక బొమ్మ గీసుకోవాలి. ఆ బొమ్మ మనకి చెప్పక్కర్లేదు. చెప్పకపోతేనే మంచిది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, గుంటూరు పక్క పల్లెల్లో తిరునాళ్ళలోనో పద్యనాటకం చూసినవాళ్ళకి తెలుసు, నటుడు పద్యం ఎత్తుకుని చివర రాగం తీసి ఆపగానే జనం వన్స్ మోర్ అని అరుస్తారు. ఆ అరిచేవాళ్ళలో ఆ పొడుగాటి సమాసాలన్నిటికీ అర్థం చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది? అయినా వాళ్ళ ఆనందం పూర్తిగా నిజం. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దొర్లుతుంటే, ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలియక మనం కూడా ఊపిరి బిగబడితే, అదే ఆనందం. అర్థంలేని పద్యం చేసేదల్లా ఆ ఆనందాన్ని అర్థం నుంచి విడదీసి విడిగా మన చేతిలో పెట్టడం. అందుకే ఇది పిల్లల వ్యవహారం అని ఎవరైనా తీసిపారేస్తే నేను ఒప్పుకోను. మన దగ్గర దీనికి చెవులు ఎప్పుడూ ఉన్నాయి. 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు అల్లిన అసమదీయులు, తసమదీయులు తీసుకోండి, 1957 సినిమా, ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు ఆ మాటలు విని మురిసిపోయే తీరు వల్లే కదా అవి ఇప్పటికీ మన నోళ్ళలో ఆడుతున్నాయి.

రాగం సంగతి కూడా. పద్యనాటకం వాళ్ళు అలవాటు కొద్దీ పాదం చివర రాగం సాగదీస్తారు. దీనికి వద్దని మర్యాదగా చెప్పండి. రాగంలో అచ్చులే సాగుతాయి, హల్లులు మునిగిపోతాయి, ఈ పద్యానికేమో ప్రాణమంతా హల్లుల్లో ఉంది. గొరగొర్ర అన్నప్పుడు ఆ ర్ర వినపడాలి. కావాలంటే రాగం తీసిన టేక్ ఒకటి విడిగా చేసుకోండి, నేను చేసుకున్నాను, అది నా దగ్గర దాచుకున్నాను.

సరే, ఆడాసిటీకి వద్దాం, ఆడియోని కత్తిరించి శుభ్రం చేసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫైల్ లాగి ఇందులో పడేయండి. స్పేస్ బార్ నొక్కితే ప్లే, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. జూమ్‌కి కంట్రోల్ 1 దగ్గరికి, కంట్రోల్ 3 దూరానికి. నాకు బాగా ఇష్టమైన షార్ట్‌కట్ కంట్రోల్ ఎమ్, ప్లే అవుతుండగానే నొక్కితే అక్కడ లేబుల్ పడుతుంది, నచ్చిన టేక్ వచ్చినప్పుడల్లా నొక్కుతూ వెళ్ళండి, పెన్నూ కాగితం అక్కర్లేదు. మంచి టేక్ ఉంచి మిగతావి తీసేయండి. ఇలా, ఇలా, అయిపోయింది.

ఇక నాయిస్ రిడక్షన్. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, నాకు ఎక్కువ టైమ్ పట్టింది ఇక్కడే. ఇందాక ఖాళీ గది రికార్డ్ చేశాం కదా, ఆ పది సెకన్లు సెలెక్ట్ చెయ్యండి. ఎఫెక్ట్ మెనూ, నాయిస్ రిడక్షన్, గెట్ నాయిస్ ప్రొఫైల్. గది చప్పుడు ఎలా ఉంటుందో దానికి తెలిసింది. ఇప్పుడు కంట్రోల్ ఏ, మొత్తం సెలెక్ట్, మళ్ళీ అదే ఎఫెక్ట్. ఇప్పుడు ఈ మొదటి స్లైడర్ చూడండి, ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలి అని. సాధారణంగా ట్యుటోరియల్స్‌లో గట్టిగా పెంచేస్తారు, మామూలు మాటలకి పర్వాలేదు కూడా. కానీ ఈ పద్యానికి పెంచి వినిపిస్తాను, 24 పెడుతున్నాను.

(ప్లే)

నాలుగో పాదం విన్నారా? ఉస్సురనియె అన్నచోట 'స్స' చప్పబడిపోయింది. నీళ్ళలోంచి మాట్లాడినట్టు ఉంది. ఎందుకంటే స, శ, హ లాంటి అక్షరాలూ, మనిషి పీల్చే ఊపిరీ, ఇవన్నీ గాలి చప్పుళ్ళే. గది హోరు కూడా గాలి చప్పుడులాంటిదే. సాఫ్ట్‌వేర్‌కి రెండిటికీ తేడా అంత బాగా తెలియదు, అది కొలతలు చూస్తుంది అంతే. మామూలు మాట అయితే 'స' కొంచెం పోయినా అర్థాన్నిబట్టి మనం పూరించుకుంటాం. బస్టాండ్ అన్న మాటలో సగం వినపడినా బస్టాండే అని తెలుస్తుంది. ఉల్లగుల్లలో ఒక అక్షరం పోతే? దేన్నిబట్టి పూరించుకుంటాం? ఇక్కడ అక్షరమే సర్వస్వం, వెనకాల అర్థం కాపాడటానికి లేదు. అందుకే నేను 6 మించి వెళ్ళను. కంట్రోల్ జెడ్ కొట్టి 6 పెట్టి మళ్ళీ వినిపిస్తున్నాను.

(ప్లే)

కొంచెం హోరు మిగిలింది, ఉండనివ్వండి. 'స్స' బతికింది కదా, 'ఝి' దగ్గర ఆ ఒత్తు కూడా వినిపిస్తోంది కదా. అక్కడే 'రెసిడ్యూ' అని ఒక ఆప్షన్ ఉంది చూడండి, అది పెట్టి ప్రివ్యూ నొక్కితే తీసేయబోయే చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. అందులో మాస్టారి గొంతు ఏమాత్రం వినపడినా మీరు ఎక్కువ తీసేస్తున్నట్టే. చూసుకున్నాక మళ్ళీ రిడ్యూస్‌కి మార్చి ఓకే చెయ్యండి.

తర్వాత ఖాళీలు. ట్రంకేట్ సైలెన్స్ అని ఇంకో ఎఫెక్ట్ ఉంది, నిశ్శబ్దాలన్నీ తనే కత్తిరించేస్తుంది. పాడ్‌కాస్ట్‌కి బాగుంటుంది, దీనికి ముట్టుకోవద్దు. జిరజెల్ల ముందు మాస్టారు ఆగారు చూడండి, సరిగ్గా యతి దగ్గర. 'ఝిల్లుగొండి మీద...' అని ఆగారు. ఆ ఆగడంలో వినేవాడు 'ఎవరు? ఎవరు కూర్చున్నారు?' అనుకుంటాడు. ఆ ప్రశ్న పుట్టాక జిరజెల్ల అని ఎంత గంభీరంగా చెప్పినా చెల్లుతుంది, ప్రశ్నకి జవాబు వచ్చినట్టే ఉంటుంది. ఆ ఖాళీ కత్తిరించి ఇప్పుడు వినిపిస్తాను... చూశారా, వార్తలు చదివినట్టుంది. కంట్రోల్ జెడ్. ఊపిరి పీల్చిన చప్పుళ్ళు కూడా తీయకండి, మూడో పాదం ముందు ఆయన పీల్చిన ఊపిరిలోనే కొర్రుపిల్ల రాబోతోందని తెలిసిపోతుంది.

బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వద్దు, నవ్వుల సౌండ్ అస్సలు వద్దు. మనది బెజవాడ, ఇక్కడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది, ఒట్టి గొంతు విని మనిషి మొహం, వేషం, నడక అన్నీ ఊహించుకునే అలవాటు రేడియో నాటకాలు మన ఇళ్ళకి ఎప్పుడో నేర్పాయి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ పద్యం వినిపించండి, కొర్రుపిల్ల ఎంత ఉంటుందని అడగండి, వెంటనే చేత్తో చూపిస్తారు.

చివరగా నార్మలైజ్, అంటే అన్నిటికన్నా పెద్ద చప్పుడుని ఒక స్థాయికి తేవడం, మైనస్ 1 డెసిబెల్. ఎక్స్‌పోర్ట్, వేవ్ ఫైల్‌గా ఒకటి దాచుకోండి, పంపడానికి ఎమ్‌పీత్రీ ఒకటి. నా ఫైల్, ఏ ఎఫెక్టూ వెయ్యనిది, కింద లింక్‌లో పెడుతున్నాను, దాంతోనే ప్రాక్టీస్ చెయ్యండి. ఈ పద్యాన్నే మీ ఊరి నటుల చేత, మీ యాసలో చదివించి పంపినా సంతోషం, దుబ్బుడబ్బ ఎవరని ఆయన అనుకుని చదివారో మాత్రం నాకు రాయకండి, విని నేనే పట్టుకుంటాను.