నీల్ యంగ్ ‘ట్రాన్స్’: తప్పు రోబో గొంతుది కాదు

నమస్కారమండీ. వీడియో మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. గొంతు అస్సలు కలపకుండా, ఉత్త గుసగుసగా, ‘కాకి’ అనండి. అన్నారా? గొంతులో స్వరమే లేదు, వచ్చింది ఊపిరి ఒక్కటే. అయినా పక్కనున్నవాళ్ళకి మాట అర్థమైపోతుంది. అంటే మాటకి రూపం ఇచ్చేది నోరు. నాలుక, పెదాలు, దవడ. గొంతు ఇచ్చేది ముడిసరుకే.

ఇది పట్టుకున్నారంటే ఇవాళ్టి ఆల్బమ్ సగం అర్థమైనట్టే. నీల్ యంగ్ ‘ట్రాన్స్’. 1982 డిసెంబర్ ఆఖర్లో వచ్చింది. నలభై ఏళ్ళు దాటినా అభిమానులు దీని మీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

నీల్ యంగ్ పరిచయం లేనివాళ్ళకి రెండు ముక్కలు. కెనడావాడు. 1960ల్లో బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ బ్యాండ్‌తో వెలుగులోకి వచ్చాడు. 1972లో ‘హార్వెస్ట్’, 1979లో ‘రస్ట్ నెవర్ స్లీప్స్’. ఒక అకూస్టిక్ గిటార్, మెడకి తగిలించుకున్న మౌతార్గాన్, వణుకుతున్నట్టుండే సన్నని గొంతు. లేదంటే క్రేజీ హార్స్ బ్యాండ్‌తో చెవులు చిల్లులు పడే ఎలక్ట్రిక్ గిటార్. ఏ అవతారంలో ఉన్నా ఆ గొంతుని ఒక్క ముక్క వింటే పోల్చుకోవచ్చు. అలాంటివాడు 37 ఏళ్ళ వయసులో గెఫెన్ అనే కొత్త కంపెనీకి మారి, వాళ్ళకిచ్చిన మొదటి రికార్డులోనే, తొమ్మిది పాటలుంటే ఆరింటిలో ఆ గొంతుని మిషన్‌లో వేసి రోబో గొంతు చేసేశాడు.

రికార్డు మరీ పడుకోలేదు, అమెరికా చార్టులో 19వ స్థానం దాకా వెళ్ళింది. కానీ కొన్నవాళ్ళకి మింగుడుపడలేదు. ఆ వెంటనే 1983లో పాత రాకబిల్లీ (1950ల నాటి రాక్ అండ్ రోల్) తరహాలో ‘ఎవ్రీబడీస్ రాకిన్’ ఇచ్చేసరికి కంపెనీకి ఒళ్ళు మండింది. 1983 డిసెంబర్‌లో 33 లక్షల డాలర్లకి దావా వేశారు. ఆరోపణ ఏంటో తెలుసా? ఇవి నీల్ యంగ్ పాటల్లా లేవు అని! నీల్ యంగ్ పాడిన పాటలు నీల్ యంగ్ పాటల్లా లేవని నీల్ యంగ్ మీదే కేసు. చివరికి రాజీ అయిపోయింది, కంపెనీ యజమాని డేవిడ్ గెఫెన్ క్షమాపణ కూడా చెప్పాడు.

సరే, మిషన్ దగ్గరికి వద్దాం. దాని పేరు వోకోడర్. ఇందులో వాడింది జర్మన్ కంపెనీ సెన్‌హైజర్ తయారుచేసిన వీఎస్‌ఎమ్ 201. దీన్ని ఆటోట్యూన్ అనుకుంటే పొరపాటే. ఆటోట్యూన్ వచ్చింది 1997లో. అది మీ గొంతుని మీ గొంతుగానే ఉంచి శ్రుతి మాత్రం సర్దుతుంది. వోకోడర్ గొంతునే తీసి పక్కన పెడుతుంది.

ఎలాగంటే, మైక్‌లోంచి వచ్చిన శబ్దాన్ని వరసగా ఫిల్టర్లతో పట్టీలు పట్టీలుగా విడగొడుతుంది. కింద 200 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంత, 500 దగ్గర ఎంత, 2,000 దగ్గర ఎంత, ఇలా. మీరు నోరు కదిపినకొద్దీ ఈ కొలతలు మారుతుంటాయి. అవతల సింథసైజర్‌లో, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డులో, ఒక స్వరం మోగుతూ ఉంటుంది. దాన్ని కూడా అవే పట్టీలుగా విడగొట్టి, మీ మాటలో ఏ పట్టీ లేస్తే సింథ్‌లో ఆ పట్టీ వాల్యూమ్ లేపుతుంది. ఊపిరి స్థానంలో సింథ్ స్వరం మీ నోట్లోకి వచ్చినట్టన్నమాట. ఇందాకటి ‘కాకి’ ఇదే. నోరు మీది, సరుకు వేరేవాళ్ళది. ఏ శ్రుతిలో పాడుతుందన్నది కీబోర్డు మీద నొక్కిన మెట్టు చెబుతుంది, మీ గొంతు కాదు.

మరి మాటలెందుకు అర్థం కావు? బళ్ళో పరుషాలు, సరళాలు చదివాం కదా. గ, జ, డ పలికేటప్పుడు గొంతు మోగుతుంది. క, చ, ట, త, ప మోగవు. శ, ష, స కూడా అంతే, ఉత్త గాలి. ఆ గాలి శబ్దం పైన 4,000 హెర్ట్జ్ దాటాక ఎక్కువ. సింథ్ స్వరంలో అంత పైన సరుకు పల్చగా ఉంటుంది. అందుకని ‘స’ అన్నా, ‘త’ అన్నా సింథ్‌కి పలకడానికేమీ దొరకదు, అచ్చులొక్కటే మిగులుతాయి. మంచి వోకోడర్లు ఇక్కడొక ఉపాయం చేస్తాయి. గాలి అక్షరం వచ్చిందని కనిపెట్టి, ఆ క్షణంలో సింథ్ బదులు బుస్సుమనే నాయిస్ పంపిస్తాయి. అప్పుడు కూడా పక్కన గిటార్లు, డ్రమ్ముల తాళాలు అదే పరిధిలో మోగుతుంటే మాట మునిగిపోతుంది. ‘ట్రాన్స్’లో చాలాచోట్ల జరిగేది ఇదే. ఫోన్ స్పీకర్లో వింటే మరీ ఘోరం, కింద బేస్ పోయి, పైన గరగర మిగులుతుంది. దయచేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. నీల్ యంగ్ కొడుకు ఒకడు సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. మాట రాదు, చేతులు కాళ్ళు స్వాధీనంలో ఉండవు. 1980 నుంచి దాదాపు పద్దెనిమిది నెలలు తల్లీతండ్రీ ఇంట్లోనే ఒక కఠినమైన శిక్షణ ఇచ్చారు. ప్యాటర్నింగ్ అంటారు. బిడ్డ చేతుల్ని, కాళ్ళని, తలని పెద్దవాళ్ళు పట్టుకుని పాకుతున్నట్టు పదే పదే కదపడం. వారంలో ఏడు రోజులూ, రోజంతా. ఆ పద్ధతికి ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1982లోనే ప్రకటించింది, అది వేరే విషయం. ఆ రోజుల్లోనే చేసిన 1981 నాటి ‘రియాక్టర్’లో ఒకే ముక్క తిప్పి తిప్పి వాయించడం వింటే ఆ దినచర్యే వినిపిస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పిల్లాడికి గొంతుంది, నోరు సహకరించదు. వోకోడర్ చేసేది సరిగ్గా గొంతునీ నోటినీ విడదీయడమే. తండ్రి వెళ్ళి వెళ్ళి ఆ మిషన్ ముందే కూర్చున్నాడు. మాటలు అర్థం కాకపోవడం రికార్డింగ్ లోపం కాదు, నా బిడ్డతో నా పరిస్థితి అదే అని తర్వాత ఇంటర్వ్యూల్లో వివరించాడు. ఈ పాటలకి ఒక వీడియో కూడా ఊహించుకున్నాడు. ఈ రోబో గొంతులవాళ్ళంతా ఒక ఆసుపత్రిలో పనిచేస్తుంటారు, వాళ్ళు చేసే పనల్లా ఒక పసివాడికి మీట నొక్కడం నేర్పడం. ఆ వీడియో తీయలేదు. రికార్డు వచ్చినప్పుడు ఇదేదీ బయటికి చెప్పనూ లేదు. విన్నవాళ్ళు ఫ్యాషన్ కోసం కంప్యూటర్ల వెంట పడ్డాడనుకున్నారు. వాళ్ళని తప్పుపట్టలేం.

పాటల్లోకి వెళ్దాం. నా లెక్కలో దీనికి గుండెకాయ ‘ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్’. మన దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ అనగానే ఎండాకాలంలో వీధి చివర ఢామ్మని పేలేదే గుర్తొస్తుంది. ఇక్కడ అది బొమ్మ రైలుది. ఇంటి కరెంటుని తగ్గించి పట్టాలకి పంపే చిన్న పెట్టె, పైన ఒక పిడి. పిడి తిప్పితే రైలు వేగం పెరుగుతుంది. కదలలేని పిల్లాడు ఆ రైలుకి యజమాని, అందుకే ఆ పేరు. కొడుకు నడపగలిగేలా రైలుకి మీటలు తయారుచేసే పిచ్చి నీల్ యంగ్‌ని ఎక్కడిదాకా తీసుకెళ్ళిందంటే, 1995లో లయొనెల్ అనే పెద్ద బొమ్మ రైళ్ళ కంపెనీలో వాటాయే కొనేశాడు. పాటలో గొంతు బాగా పై స్థాయిలో, గాజు గ్లాసు అంచు మీద వేలు తిప్పినట్టుంటుంది. ట్యూన్ మాత్రం అచ్చమైన నీల్ యంగ్ జోలపాట. నమ్మకం లేకపోతే 1993 ‘అన్‌ప్లగ్డ్’లో ఇదే పాట వినండి. గిటార్, మామూలు గొంతు. ప్రతి మాటా తెలుస్తుంది, చాలా అందంగా ఉంటుంది. ‘చూశారా, మిషన్ తీసేస్తే ఎంత బాగుందో’ అంటారు చాలామంది. నేనొప్పుకోను. అక్కడ తండ్రి ఒక్కడే పాడుతున్నాడు. ‘ట్రాన్స్’లో ఆ గొంతు తండ్రిదో కొడుకుదో తెలియదు.

‘కంప్యూటర్ ఏజ్’ రెండోది. గిటార్లు గట్టిగా ఉంటాయి, మిషన్ గొంతు పద్యంలా చదువుకుంటూ పోతుంది, ఉన్నట్టుండి ఎదుటివాడికి గుండె కొట్టుకుంటోందన్న ఆనవాలు కావాలని అడుగుతుంది. 1989లో వచ్చిన ‘ద బ్రిడ్జ్’ అనే నివాళి ఆల్బమ్‌లో సోనిక్ యూత్ అనే బ్యాండ్ ఈ పాటే ఎంచుకుంది. మాట రాని పిల్లల కోసం 1986లో మొదలైన బ్రిడ్జ్ స్కూల్‌కి సాయంగా తీసిన రికార్డు అది.

‘శాంపుల్ అండ్ హోల్డ్’ పేరు వెనక ఒక సర్క్యూట్ ఉంది. మారుతూ ఉండే వోల్టేజీలోంచి గడియారం టిక్కుమన్నప్పుడల్లా ఒక విలువ పట్టుకుని, మళ్ళీ టిక్కుమనేదాకా అదే పట్టుకుని ఉంటుంది. పాత సైన్స్ సినిమాల్లో కంప్యూటర్ ‘ఆలోచిస్తుంటే’ వచ్చే బీప్ బూప్ బీప్ దాని పుణ్యమే. పాటలో ఒకడు తనకి తోడు కావాలని ఫారం నింపుతుంటాడు: జుట్టు రంగు, కళ్ళ రంగు, బరువు 110 పౌండ్లు, స్వభావం నిలకడ. మన పేపర్లలో పెళ్ళి ప్రకటనలు చదివినవాళ్ళకి ఇదేం కొత్త కాదు లెండి! ‘హోల్డ్’ అన్న మాటకి రెండో అర్థం అక్కడుంది: ఎవరినైనా పట్టుకుని వదలకుండా ఉండడం.

‘కంప్యూటర్ కౌబాయ్’ సరదా పాట. పొలంలో పశువులన్నిటికీ నంబర్లు, వరసలో నిలబడి మేస్తాయి, రాత్రి లైట్లు వేస్తే మంద చక్కగా కనిపిస్తుంది. ఆ తర్వాత కౌబాయ్ ఎవరిదో సిస్టమ్ కూల్చడానికి బయల్దేరతాడు. 1982లో హ్యాకర్ మీద పాట! ‘వి ఆర్ ఇన్ కంట్రోల్’ బలహీనం. ట్రాఫిక్ లైట్లు మావే, అవీ మావే ఇవీ మావే అని మిషన్లు జాబితా చదువుతాయి, అంతే. ‘మిస్టర్ సోల్’ 1967 నాటి తన సొంత పాటే, వోకోడర్‌లో మళ్ళీ వండాడు. పాత గిటార్ వరసలో ఉన్న పొగరు సింథ్‌లో చప్పబడిపోయింది. ఇది లేకపోయినా నష్టం లేదు.

మరి రికార్డు ఎందుకు అతకలేదు? మిగతా మూడు పాటల వల్ల. ‘లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’, ‘హోల్డ్ ఆన్ టు యువర్ లవ్’, ‘లైక్ ఆన్ ఇంకా’. ఇవి హవాయిలో మొదలుపెట్టిన ‘ఐలాండ్ ఇన్ ద సన్’ అనే వేరే ఆల్బమ్‌వి. దాన్ని గెఫెన్ వద్దంది. ఆ పాటల్ని తెచ్చి ఇక్కడ కలిపేశారు. పైగా రికార్డు మొదలయ్యేదే ‘లిటిల్ థింగ్’తో, మామూలు గొంతు, హాయిగా సాగే రాక్. తర్వాత క్షణంలో రోబో. సాంబారులో గులాబ్‌జామ్ వేసినట్టుంటుంది. రెండూ మంచివే కావచ్చు, ఒక గిన్నెలో ఎందుకు? ఎనిమిది నిమిషాలు దాటిన ‘లైక్ ఆన్ ఇంకా’ అయితే నాకు చాలా ఇష్టం, కానీ దాని ఇల్లు వేరు.

అందుకని ఇలా వినండి. మొదట ‘కంప్యూటర్ ఏజ్’, తర్వాత ‘వి ఆర్ ఇన్ కంట్రోల్’, ‘కంప్యూటర్ కౌబాయ్’, ‘మిస్టర్ సోల్’, ‘శాంపుల్ అండ్ హోల్డ్’, ఆఖరున ‘ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్’. మొత్తం దాదాపు 25 నిమిషాలు. ‘శాంపుల్ అండ్ హోల్డ్’ నిడివి మాత్రం చూసుకోండి. ఎల్‌పీలో (పాత నల్ల రికార్డులో) ఉన్నది 5 నిమిషాలది, సీడీలోనూ 1993 సంకలనం ‘లక్కీ థర్టీన్’లోనూ ఉన్నది 8 నిమిషాలది. విడిగా వినడానికి పెద్దది బాగుంటుంది, ఈ వరసలో చిన్నదే సరిపోతుంది. 1982 అక్టోబర్ బెర్లిన్ కచేరీ వీడియో కూడా చూడండి. నల్ల కళ్ళద్దాలు, తలకి తగిలించిన మైక్, పక్కన గిటారిస్ట్ నిల్స్ లోఫ్‌గ్రెన్. రికార్డు అప్పటికింకా బయటికి రాలేదు. ఏం వింటున్నామో అక్కడ కూర్చున్నవాళ్ళకి తెలిసే వీలే లేదు.

ఆ గొంతు మీరే చేసి చూడాలంటే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వోకోడర్ ఉంది, ఉచితం. ఒక స్టీరియో ట్రాక్ చేసి ఎడమ చానెల్లో మీ మాట, కుడి చానెల్లో సింథ్ స్వరం పెట్టండి. సింథ్‌లో సా-టూత్ (రంపపు పళ్ళ ఆకారపు) తరంగం తీసుకోండి. సైన్ తరంగం పెడితే అందులో ఉండేది ఒకటే పౌనఃపున్యం, చెక్కడానికి ఏమీ ఉండదు, ఉత్త ‘ఊ’ వస్తుంది. పట్టీలు ఎనిమిదికి తగ్గిస్తే మాట పోతుంది, ఇరవై దగ్గర తెలుస్తుంది. సింథ్ మధ్యలో ఆగితే మీ మాటా ఆగుతుంది, కాబట్టి మెట్టు నొక్కి పట్టుకోండి. అక్షరాలు మామూలుకంటే కాస్త ఒత్తి పలకండి.

పాత ఎల్‌పీ వెతికి కొనేవాళ్ళకి ఒక మాట. సాహిత్యం అచ్చువేసిన కాగితం మీద ‘ఇఫ్ యూ గాట్ లవ్’ అనే పాట కూడా ఉంటుంది. రికార్డులో ఉండదు, ఆఖరి నిమిషంలో తీసేశారు. డిస్క్ మారిపోయిందని షాపతనితో గొడవ పెట్టుకోకండి.