ఆ 3 శాతం ఎవరిది?

అందరికీ నమస్కారం.

గుండె వాల్వ్ మార్చాలనగానే ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది, "ప్రాణానికేం భయం లేదు కదా డాక్టర్ గారూ?" అని. దీనికి ఇప్పుడు అంకెల్లో జవాబు చెప్పగలం. వయసు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), గుండె పంపింగ్, ఊపిరితిత్తుల జబ్బు, గతంలో గుండె ఆపరేషన్ అయిందా, ఇప్పుడు చేసేది ఎమర్జెన్సీనా అన్న వివరాలు కంప్యూటర్‌లో కొడితే "3 శాతం" అని వస్తుంది. టెన్షన్‌లో ఉన్న కుటుంబానికి ఆ అంకె ఒక్కటే గుర్తుండిపోతుంది.

నిజానికి ఆ 3 శాతం ఎదురుగా కూర్చున్న మనిషిది కాదు. ఇలాంటి వివరాలే ఉన్న వందమందికి ఇదే ఆపరేషన్ చేస్తే సుమారు ముగ్గురు దక్కకపోవచ్చని దాని అర్థం. ఆ ముగ్గురిలో ఈయన ఉన్నారా అంటే ఏ ఫార్ములా చెప్పలేదు. పైగా దానికో గడువుంది. ఇలా ముప్పు లెక్కగట్టే స్కోర్లలో ఒకటైన యూరోస్కోర్ 2 లెక్క ఆస్పత్రిలో జరిగే మరణాల వరకే. అమెరికా సర్జన్ల ఎస్‌టీఎస్ స్కోరు ప్రధానంగా చూసేది మొదటి 30 రోజులు. ఆ తర్వాతి ఏళ్ల సంగతి వాటినడిగి లాభం లేదు.

ఈ స్కోర్లు పాతబడతాయి కూడా. మొదటి యూరోస్కోర్ 1999లో వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి ఆపరేషన్లు, ఐసీయూ వైద్యం మెరుగయ్యాయి గానీ స్కోరు అక్కడే ఆగిపోయింది. జరుగుతున్న మరణాలకన్నా ఎక్కువ చెప్పడం మొదలుపెట్టింది. దాంతో 2010లో 43 దేశాల నుంచి 22 వేల మందికి పైగా రోగుల వివరాలు తీసుకుని, 2012లో యూరోస్కోర్ 2 తెచ్చారు. ఎవరికి ముప్పు ఎక్కువ, ఎవరికి తక్కువ అని వరస పెట్టడంలో పాతది మరీ తప్పలేదు, శాతం దగ్గరే తప్పింది. పాత రోగుల వివరాల నుంచి కంప్యూటరే నేర్చుకుని ముప్పు చెప్పే మెషిన్ లెర్నింగ్ మోడళ్ల ప్రకటనల్లో వరస పెట్టే సత్తా గురించే గొప్పగా రాస్తారు. నేనైతే చెప్పిన శాతానికీ జరిగినదానికీ పొంతన ఉందా అన్నదే ముందు వెతుకుతాను. కుటుంబానికి మనం చెప్పేది శాతమే కదా!

ఇక స్కోరుకు సరిగా చిక్కనిది ఒంట్లో సత్తువ. దీన్ని కొలవడానికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు. 5 మీటర్ల దూరం గీసి, మామూలుగా నడవమని చెప్పి, వాచీ చూడాలి. గుండె ఆపరేషన్‌కు వచ్చిన 70 ఏళ్లు నిండినవారిపై 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, 6 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పట్టినవారికి మరణం, పెద్ద కాంప్లికేషన్ల ముప్పు బాగా ఎక్కువని తేలింది. స్కోరు ప్రకారం సమానంగా ఉన్నవాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. 2002లో ఫ్రాన్స్‌లో డాక్టర్ అలెన్ క్రిబియే ఛాతీ కోయకుండా, రక్తనాళం గుండా మొదటిసారి బృహద్ధమని వాల్వ్ అమర్చారు. ఇప్పుడు ఛాతీ కోసి చేయడం, ఇలా రక్తనాళం గుండా చేయడం అని రెండు దారులున్నాయి, ఎవరికి ఏది అని ఎంచుకోవాలి కాబట్టి ఈ ఆరు సెకన్లకు మరింత విలువ వచ్చింది.

ఇంటికెళ్లాక ముప్పు ముఖం మారుతుంది. లోహపు వాల్వ్ ఉన్నవారికి జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర తప్పదు. మైట్రల్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే వాల్వ్) స్థానంలో అయితే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే అంకె) సాధారణంగా 2.5-3.5 మధ్య ఉండాలంటాం. ఒకరి ఐఎన్ఆర్ పుస్తకం తెరిస్తే 1.6, తర్వాత 4.8, ఆపై 2.1 అని ఉందనుకోండి. అంకె తగ్గినప్పుడు గడ్డకట్టే భయం, పెరిగినప్పుడు రక్తస్రావం భయం. ఆపరేషన్ ముందు తీసిన ఏ స్కోరుకన్నా ఈ మూడంకెలే నన్ను ఎక్కువ కంగారు పెడతాయి. జంతువుల కణజాలంతో చేసిన వాల్వ్‌కు ఈ బాధ తక్కువే గానీ అది ఏళ్ల తరబడి అరుగుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత తీసిన మొదటి ఎకో (గుండె స్కాన్) రిపోర్టు పారేయకండి. తర్వాతి రిపోర్టులన్నీ దానితోనే పోల్చి చూడాలి.

చివరిగా జ్వరం సంగతి. కృత్రిమ వాల్వ్ ఉన్నవారికి కారణం తెలియని జ్వరం వస్తే యాంటీబయాటిక్ వేసేముందు రక్తం కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపాలి. ముందే మాత్ర వేసుకుంటే వాల్వ్‌కు పట్టిన క్రిమి కల్చర్‌లో దొరక్కపోవచ్చు, అప్పుడు ఏ మందు వాడాలో తేల్చడం మాకు కష్టమవుతుంది. డిశ్చార్జి రోజునే ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి పంపండి.